కావలిగంట కథ

"దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు" అని మనలో ఒక సామెత కలదు. కావలి విషయమున పెద్దలు గ్రహించిన సత్యము ఆ చిన్న సామెతలో ఇమిడియున్నది. కుక్క మొరుగుట ముఖ్యము. వేళకు మొరుగుట అంతకన్న ముఖ్యము. అయితే వేళకు మొరిగినను, విని లేచి వచ్చువాడొకడు లేనిచో ఆ మొరుగుట వ్యర్థము. ఈ మూడవ మాట సామెతలో లేదు. దానిని గురించియే నేటి ప్రసంగము.

గత వేసవిలో మా వీధిలో ఒక సంఘటన జరిగినది. మా ఇంటికి మూడవ ఇంటివారు శుభకార్యమునకై పొరుగూరు వెళ్ళిరి. అంతకు కొన్ని నెలల ముందే వారు తలుపులకు, కిటికీలకు దొంగల అలారము పెట్టించియుండిరి. ఆ గంట ఆ నెలలోనే నాలుగు పర్యాయములు అకారణముగా మ్రోగినది. ఒకసారి పిల్లి, ఒకసారి గాలికి కొట్టుకొన్న కిటికీరెక్క, తక్కిన రెండుసార్లు కారణమే తెలియలేదు. అయిదవసారి ఒక మధ్యాహ్నమున మ్రోగినప్పుడు వీధిలోని మేమందరమును వింటిమి. "మళ్ళీ పిల్లి కాబోలు" ననుకొంటిమి. నేను కిటికీ మూసి రేడియో ధ్వని కొంచెము పెంచితిని. మూడవనాడు వారు తిరిగివచ్చి చూడగా పెరటి తలుపు గడియ విరిగియున్నది, బీరువా తెరచియున్నది. ఆ ఇంటి ఇల్లాలు మమ్మెవ్వరిని నిష్ఠురమాడలేదు. "మ్రోగలేదా అన్నయ్యగారూ?" అని మాత్రము అడిగినది. మ్రోగినదని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఆనాటినుండి ఈ గంటల చరిత్రను కొంత శ్రద్ధతో చదువ నారంభించితిని. చదివినకొలది, మా వీధిలో జరిగిన పొరపాటు క్రొత్తది కాదని తెలియవచ్చినది.

ప్రాచీన రోము నగర చరిత్రలో ఒక ఐతిహ్యము కలదు. క్రీస్తుపూర్వము 390 ప్రాంతమున గాల్ జాతివారు ఆ నగరమును ఆక్రమించి, ఒక రాత్రి కాపిటల్ కొండపైనున్న కోటను నిశ్శబ్దముగా ఎక్కసాగిరి. కుక్కలు మొరుగలేదు. జూనో దేవత ఆలయమున పెంచుచుండిన పెద్దబాతులు మాత్రము కేకలు పెట్టెను. ఆ కేకలకు మార్కస్ మాన్లియస్ అనువాడు మేల్కొని, పరుగున పోయి, పైకెక్కినవారిని క్రిందకు త్రోసెను. లోకము బాతులను జ్ఞాపకముంచుకొన్నది. కాని కోటను దక్కించిన గౌరవములో సగపాలు ఆ కేక విని పక్కమీదనుండి లేచిన మాన్లియసునకు చెందవలెను.

ఇక విద్యుత్తుతో పనిచేయు గంట సంగతి. అమెరికాలో బోస్టను నగరమునకు పొరుగుననున్న సోమర్‌విల్లు పట్టణమున అగస్టస్ రస్సెల్ పోప్ అను క్రైస్తవ మతాచార్యుడుండెను. ఆయన 1853 జూన్ 21న విద్యుదయస్కాంతపు అలారమునకు పేటెంటు పొందెను. దాని ఏర్పాటు సులభమైనది. ప్రతి తలుపును, ప్రతి కిటికీని ఒక బ్యాటరీకి తీగలతో కలిపిరి. తలుపు మూసియున్నంతవరకు తీగలో విద్యుత్తు ప్రవహింపదు. తెరచినతోడనే వలయము పూర్తియై, అయస్కాంతము కదలి, చిన్న సుత్తి గంటను కొట్టును. నేడు మనము వేలకు వేలు పోసి కొను యంత్రములకు ఇదియే మూలపురుషుడు.

1857లో ఎడ్విన్ హోమ్స్ అను వ్యాపారి పోప్ వద్ద ఆ హక్కులు కొనెను. ధనవంతులును, దొంగలును ఎక్కువగానున్న చోటు వెదకికొని 1859లో న్యూయార్కు నగరమునకు తరలెను. అచ్చట ఆ వ్యాపారము పెరిగినది. కాని పోప్ గంటలో రెండు లోపములుండెను. ఆ రెండింటిని సవరించిన కథయే తరువాతి నూరేండ్ల చరిత్ర యని చెప్పవచ్చును.

మొదటి లోపము తీగకు సంబంధించినది. తలుపు తెరచినప్పుడు మాత్రమే విద్యుత్తు ప్రవహించు ఏర్పాటులో, దొంగ ముందుగా తీగను కత్తిరించినచో గంట మూగవోవును. ఇంటివారికి సంగతియే తెలియదు. దీనికి విరుగుడుగా ఇంకొక పద్ధతి వచ్చినది. అందులో తీగనిండ విద్యుత్తు ఎల్లవేళల ప్రవహించుచునే యుండును. తలుపు తెరచిన ప్రవాహము తెగును. తీగ కోసినను ప్రవాహము తెగును. బ్యాటరీ చచ్చినను తెగును. ప్రవాహము తెగుటయే గంటకు ఆజ్ఞ. మొదటిది, కేక వేసినప్పుడు మాత్రమే ఉన్నాడని తెలియు కావలివాడు. రెండవది, గడియకొకసారి "హెచ్చరిక" యని పలుకుచు తిరుగు కావలివాడు. వాని పలుకు ఆగిననే ఊరు లేచును. ఈ భేదమును గుర్తుంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాను; మరల దీనితో పని పడును.

రెండవ లోపము ఇంతకన్న పెద్దది. గంట ఇంటిలోనే మ్రోగును. ఇంటివారు నిద్రలోనున్న లేతురు. ఊరికి పోయిన? ఖాళీ ఇంటిలో మ్రోగు గంట దొంగను బెదరించునేమో కాని, పట్టుకొనజాలదు. కనుక గంట ఇంటిలోగాక మరొకచోట మ్రోగవలెను. అచ్చట రాత్రింబవళ్ళు మనిషి కూర్చుండవలెను. ఈ ఆలోచననుండి పుట్టినదే కావలి కేంద్రము.

దీని పుట్టుకను గురించి న్యూయార్కులో ఒక కథ చెప్పుదురు. షేర్ల ధరలను తంతిద్వారా ముద్రించు యంత్రమును 1867లో నిర్మించిన ఎడ్వర్డ్ కాలహాన్ అను ఇంజనీరు కలడు. ఆయన పనిచేసిన కంపెనీ అధ్యక్షుని ఇంటిలో ఒక రాత్రి దొంగ ప్రవేశించెనట. అంతట 1871లో కాలహాన్ ఆ పరిసరములందలి 50 ఇండ్లను తీగలతో కలిపి, ఒకరికి ఆపద వచ్చిన ఇరుగుపొరుగువారికి తెలియునట్లు గంటలు అమర్చెనట. ఏ ఇంటినుండి పిలుపు వచ్చినదో గంట కొట్టిన లెక్కనుబట్టి తెలియును. తరువాత ఆ తీగలన్నియు ఒక కార్యాలయమునకు చేరినవి. ఇంటిలోని పెట్టెకున్న పిడి త్రిప్పిన, కార్యాలయమునుండి కుర్రవాడు పరుగెత్తి వచ్చును. పోలీసు కావలెనన్న ఒక సంజ్ఞ, నిప్పంటుకొన్న వేరొక సంజ్ఞ. ఇట్టి సంస్థల కలయికతో 1874లో అమెరికన్ డిస్ట్రిక్ట్ టెలిగ్రాఫ్ అను కంపెనీ ఏర్పడినది. నేడు ఏ.డి.టి. యను మూడక్షరములతో ప్రసిద్ధమైనది ఆ కంపెనీయే. ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. గంట విని వచ్చుటకు మొదట ఏర్పాటు చేసినది ఇరుగుపొరుగును; జీతగాడు ఆ తరువాత వచ్చెను.

బోస్టనులో హోమ్స్ కంపెనీ తీగలు బ్యాంకులనుండి వారి కార్యాలయమునకు సాగియుండెను. 1876లో గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను గాని, మాట సాగుటకు ఊరిలో తీగలేవి? 1877 మే నెలలో ఆ కావలితీగలమీదనే టెలిఫోనులు పెట్టిరి. పగలు బ్యాంకులు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకును, రాత్రి దొంగలకు కావలికిని అవే తీగలు ఉపయోగపడినవి. లోకమున టెలిఫోను ఎక్స్ఛేంజి తొలి అడుగులు పడినది దొంగల అలారపు కార్యాలయములో ననిన నేడు మనకు వింతగా తోచును.

ఈ వ్యాపారము ఎంతగా బలిసినదనగా, అమెరికా సుప్రీంకోర్టు కలుగజేసికొనవలసి వచ్చినది. గ్రిన్నెల్ కార్పొరేషను అను సంస్థ హోమ్స్ కంపెనీని, ఏ.డి.టి.ని, ఇంకొక కంపెనీని తన చేతిలో నుంచుకొని, బీమా సంస్థల ఆమోదము పొందిన కావలి కేంద్రముల వ్యాపారములో నూటికి 87 పాళ్ళు ఆక్రమించెను. ఇది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని 1966 జూన్‌లో కోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పులో ఇంటివారికి పనికివచ్చు మాట యొకటి కలదు. ఇంటిలో మ్రోగు గంటకును, కేంద్రమునకు వార్త చేర్చు ఏర్పాటునకును బీమా సంస్థలే భేదము పాటించుచుండెను. కేంద్రమున్నవారికే బీమా రుసుములో ఎక్కువ తగ్గింపు లభించెడిది. సొమ్ము చెల్లింపవలసినవాడు దేనిని నమ్ముచున్నాడో చూచిన, దేనికి విలువ కలదో బోధపడును.

ఆ 1966లోనే, ఆగస్టు 1న, న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు తన భర్త ఆల్బర్టుతో కలసి ఒక పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. వేళకాని వేళల ఉద్యోగములు, పిలిచిన వెంటనే రాని పోలీసులు, ఒంటరి ఇల్లు. ఆమె తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రములు పెట్టి, వానివెనుక పైకి క్రిందకు జరుగు కెమెరా నమర్చెను. పడకగదిలోని టెలివిజను తెరపై వచ్చినవాని ముఖము కనబడును, వానితో మాటలాడవచ్చును, మీట నొక్కి తలుపు తీయవచ్చును, వేరొక మీటతో సహాయమునకై హెచ్చరిక పంపవచ్చును. 1969 డిసెంబరు 2న పేటెంటు లభించెను. నేటి గుమ్మపు కెమెరాలకు ఆమెయే మార్గదర్శకురాలు. గంట మ్రోగినదని తెలియుట వేరు, ఎందుకు మ్రోగినదో చూచుట వేరు. ఈ రెండవదానిని ఇంటిలోనికి తెచ్చినది ఒక నర్సు.

ఆ చూచుట యెంత అవసరమో తరువాతి లెక్కలు తెలిపినవి. 2002లో అమెరికా పోలీసులు సుమారు 3 కోట్ల 60 లక్షల అలారపు పిలుపులకు పోవలసివచ్చెను. అందులో నూటికి 94 మొదలు 98 వరకు ఉత్తవే. సాల్ట్ లేక్ సిటీ పోలీసువారు విసిగి, గంట మ్రోగినంతమాత్రమున రాబోమని, ఎవరో ఒకరు పోయి చూచి దొంగతనమేనని రూఢిచేసిన పిమ్మటనే వచ్చెదమని 2000 డిసెంబరునుండి కట్టడి చేసిరి. మా వీధిలో కిటికీలు మూసికొన్న మేమును, ఆ నగరపు పోలీసులును ఒక్క కారణము చేతనే మానితిమి. నాలుగుసార్లు అబద్ధమాడిన గంటను అయిదవసారి ఎవ్వరు నమ్ముదురు?

ఇక మన దేశపు మాట. కావలివానిని నమ్ముటకు మనవారు యంత్రముమీద గాక బాధ్యతమీద ఆధారపడిరి. కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రకారము, వర్తకులు తమ సరకుల విలువ ముందుగా తెలిపి గ్రామమున బస చేసినప్పుడు రాత్రివేళ వస్తువు పోయిన, గ్రామముఖ్యుడు ఇచ్చుకొనవలెను. గ్రామముల నడుమ పోయిన, పచ్చికబీళ్ళ అధ్యక్షుడు ఇచ్చుకొనవలెను. దక్షిణదేశమున కావలికాండ్రకును ఇట్టి బాధ్యతయే యుండెడిది: దొంగను పట్టవలెను, లేక సొమ్ము కట్టవలెను. కుంపెనీవారి కాలమున ఆ వ్యవస్థ అంతరించినది. 1816లో మద్రాసు ప్రభుత్వపు 11వ రెగ్యులేషను గ్రామరక్షణను గ్రామపెద్దలకును, వారిక్రింద తలారులకును ఒప్పగించినది. పాత కావలిలో అన్యాయములు లేకపోలేదు. కాని కావలి తప్పినవాడు నష్టము భరించవలెనన్న సూత్రము మాత్రము గొప్పది. నేటి అలారపు కంపెనీల ఒడంబడికలను చదివి చూడుడు. దొంగతనము జరిగిన తమ బాధ్యత ఒక స్వల్పమైన మొత్తమునకు మించదని చిన్న అక్షరములలో సాధారణముగా వ్రాసియుండును.

కనుక ఇంటికి అలారము కొనదలచినవారు గంట ధ్వనిని గాని, పెట్టె సొగసును గాని చూచి మోసపోరాదు. ఈ చరిత్ర మనకు నాలుగు ప్రశ్నలు నేర్పినది. మొదటిది: గంట మ్రోగిన వినునదెవరు, వచ్చునదెవరు? ఫోనుకు వార్త పంపు యంత్రము చౌక. కాని మీరు ప్రయాణములోనో నిద్రలోనో ఉన్నప్పుడు ఆ వార్త ఎవరికి? కంపెనీ కేంద్రమున్నచో రాత్రి రెండు గంటలకు అచ్చట మనిషి యుండునా? అతడు మీకు ఫోను చేయునా, కాపలాదారుని పంపునా? పంపుదుమన్నవారు 2005 నాటి ప్రైవేటు భద్రతాసంస్థల చట్టము క్రింద లైసెన్సు చూపగలరా? రెండవది: తీగ తెగిన, కరెంటు పోయిన, ఇంటర్నెట్టు ఆగిన ఏమగును? అట్టి సమయమున కేంద్రమునకు తానుగా తెలియవలెను. బ్యాటరీయు, రెండవదారిగా సిమ్ కార్డును ఉండవలెను. ఆ దారియైనను శాశ్వతము కాదు. అమెరికాలో 2022లో పాత 3జి సేవలు నిలిపివేసినప్పుడు వానిపై నడిచిన అలారములను మార్చవలసివచ్చెను. మూడవది: అకారణముగా మ్రోగకుండ ఏమి ఏర్పాటు కలదు? మ్రోగినది పిల్లికా, మనిషికా యని చూచుటకు కెమెరా కలదా? నాలుగవది: ఒడంబడిక ఎన్ని సంవత్సరములు, నడుమ మానుకొనవచ్చునా, యంత్రము ఎవరి సొత్తు, నష్టమునకు పూచీ యెంత?

ఊరికి పోవువారికి ఇంకొక మార్గము కలదు. తాళమువేసిన ఇండ్లలో కెమెరా పెట్టి కనిపెట్టి చూచు పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ 2010 దశకమున ప్రవేశపెట్టినది. మీ ప్రాంతమున నేడు అట్టి వసతి ఏది కలదో దగ్గరి ఠాణాలో విచారించుట మంచిది.

మా వీధి సంగతి చెప్పి ముగింతును. ఆ ఇంటివారు గంటను సరిచేయించిరి. ప్రతినెల మొదటి ఆదివారము దానిని మ్రోగించి పరీక్షించుచున్నారు. వారు ఊరికి పోవునప్పుడు వీధివాకిలి తాళపుచెవి ఒకటి ఎదురింటివారివద్ద ఉండును; వారి ఫోను నంబరు మా నాలుగిండ్లలో గోడలమీద వ్రాసియున్నది. గంట మ్రోగిన ఇద్దరము కలసి పోవలెననియు, లోపల అలికిడి వినబడిన లోనికి పోక పోలీసులకు ఫోను చేయవలెననియు కట్టుబాటు చేసికొంటిమి. మొన్న ఒక సాయంకాలము మరల గంట మ్రోగినది. నేను రేడియో కట్టివేసి లేచితిని. పోయి చూడగా పిల్లియే. అయినను పోయి చూచితిమి.