అప్పుల నుంచి చార్మినార్ రూపాయి దాకా

ఉప్పల్, నాచారం వాళ్లకు చర్లపల్లి టంకశాల ఇరుగుపొరుగే. 1997లో అది సైఫాబాద్ నుంచి ఇక్కడికి వచ్చింది. సైఫాబాద్‌లో అది మొదలైంది 1903లో. అప్పటికి హైదరాబాద్ సంస్థానం యాభై ఏళ్లుగా ఖజానాను చక్కదిద్దుకుంటోంది.

అంతకుముందు అన్నీ అప్పులే. సంస్థానానికి అప్పులిచ్చిన పామర్ కంపెనీ వడ్డీలు ఒకవైపు, ఇంగ్లిషు అధికారుల కింద నడిచిన కంటింజెంట్ సైన్యం ఖర్చు మరోవైపు. ఆ సైన్యం బాకీ కిందే 1853లో బేరార్‌ను ఇంగ్లిషువాళ్లకు అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడాది దివాన్ అయిన సాలార్‌జంగ్ వయసు 24. జిల్లాలకు జిల్లాలే అరబ్బు జమాదార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర తనఖాలో ఉన్నాయి. వాటిని విడిపించాడు. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి మాన్పించి, జీతం మీద తాలూక్‌దార్లను పెట్టాడు. తర్వాతి సంస్కర్తలు ఎంత చేసినా ఈ పునాది మీదే చేశారని నా నమ్మకం.

1899-1900 కరువు ఖజానాను మళ్లీ కుంగదీసింది. అప్పుడు అర్థశాఖ ఇంగ్లిషు అధికారుల చేతికి వెళ్లింది. ముందు కాసన్ వాకర్, 1911 నుంచి గ్లాన్సీ. వాకర్ హయాంలోనే యంత్రం మీద అచ్చయిన చార్మినార్ బొమ్మ రూపాయి వచ్చింది. మన పెద్దలు హాలీ సిక్కా అన్నది దీన్నే. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దార్లకు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలకు, సమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువైతే, గ్లాన్సీ కాలంలో, 1918లో కాగితం నోట్లు వచ్చాయి. వాటిని లండన్‌లో వాటర్లో అనే కంపెనీ అచ్చువేసింది.

1921లో అర్థశాఖకు అక్బర్ హైదరీ వచ్చాడు. ఒక్కో శాఖకు మూడేళ్ల నిధులు ముందే ఖరారు చేసి, ఆ గీత దాటొద్దన్నాడు. మిగులు పెరిగింది. 1929లో పరిశ్రమలకు ప్రత్యేక నిధి ఏర్పడింది, మరుసటి ఏడాది బ్రిటిష్ కంపెనీ నుంచి రైల్వేను సర్కారే కొనేసింది. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచింది. నాచారం కార్ఖానాలకు అప్పులిచ్చే బ్యాంకుల తరం రాకముందే ఈ నేల మీద ఇంత జరిగింది.

ఇందరు సమర్థులున్నా ఒక పెద్ద లోటు మాత్రం తీరలేదు. ఆ బడ్జెట్‌ను నిలదీయడానికి రైతు ఓటేసి ఎన్నుకున్న సభ లేదు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా భూముల రాబడి సర్ఫెఖాస్ పేరుతో నేరుగా నిజాం సొంత పెట్టెలోకి పోయేది. 1949లో గానీ సర్ఫెఖాస్ ప్రజల ఖజానాలో కలవలేదు.