రాయి లోపలి థర్మామీటర్

ఆడియో వినే తీరిక లేనివాళ్ల కోసం ఈసారి ఎపిసోడ్‌లో చెప్పింది ఇక్కడ రాస్తున్నా.

పార్సిప్పనీలో నాది కాంక్రీట్ పని చూసుకునే ఉద్యోగం. చలికాలం స్లాబ్ పోస్తే లోపల చిన్న సెన్సర్ పెడతాం. ఒకసారి "మూడు రోజులైంది కదా, సెంట్రింగ్ విప్పెయ్" అని పైనుంచి ఒత్తిడి వచ్చింది. రీడింగ్ చూసి నేను ఒప్పుకోలేదు. కింద నిలబడేది మన కుర్రాళ్లే కదా. రోజులు లెక్కపెడితే చాలదు, ఆ రోజుల్లో కాంక్రీట్ ఎంత వేడిలో ఉందో కూడా తెలియాలి.

రాళ్ల చరిత్ర చదివేవాళ్లూ ఇదే లెక్క నేర్చుకున్నారు, అదీ చాలా ఆలస్యంగా. 1897లో లార్డ్ కెల్విన్ భూమి చల్లారిన లెక్క కట్టి, దాని వయసు 2 నుంచి 4 కోట్ల ఏళ్లన్నాడు. ఆ లెక్క తప్పింది. 1905లో రూథర్‌ఫర్డ్ ఇంకో దారి చెప్పాడు: రాయిలో యురేనియం తరుగుతూ హీలియం పుట్టిస్తుంది, అది కొలిస్తే వయసు తెలుస్తుందని. తీరా చూస్తే హీలియం రాయిలోంచి కారిపోతోందని స్ట్రట్ గమనించాడు. చిల్లున్న ట్యాంకులో నీళ్లు కొలిచినట్టయింది. 1911లో ఆర్థర్ హోమ్స్ సీసం లెక్క పట్టుకున్నాడు.

చివరికి ఆ చిల్లే పనికొచ్చింది. రాయి వేడిగా ఉంటే వాయువు కారుతుంది, చల్లబడితే లోపలే నిలుస్తుంది. ఎంత వేడి దగ్గర నిలుస్తుందో లెక్కకట్టే సూత్రం 1973లో మార్టిన్ డాడ్సన్ ఇచ్చాడు. హార్న్‌బ్లెండ్‌లో ఆర్గాన్ సుమారు 500 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, నల్ల అభ్రకంలో 300 దగ్గర. అపటైట్‌లో హీలియం నిలిచేది 70 దగ్గర, అంటే రాయి సుమారు 2 కిలోమీటర్ల లోతుకి వచ్చాక. ఈ పాత హీలియం పద్ధతికి 1987లో జైట్లర్ బృందం మళ్లీ ప్రాణం పోసింది. జిర్కాన్‌లో సీసమైతే 900 డిగ్రీలు దాటినా కదలదు. ఒకే రాయిలో ఈ గడియారాలన్నీ చదివి చుక్కలు కలిపితే, అది ఎప్పుడు ఎంత చల్లారిందో గీత వచ్చేస్తుంది.

మాకు పడమటి వైపున్న హైలాండ్స్ కొండల రాళ్లు లోతుల్లో ఉడికింది సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట. మన తూర్పు కనుమల రాళ్లదీ దాదాపు అదే కాలం. పాడేరు వైపు కొన్ని 900 డిగ్రీల వేడి చూసి వచ్చాయి. ఇది తెలిశాక ఇక్కడి రాయి పరాయిదనిపించడం లేదు.

మీ సైట్‌లో ఎవరైనా రోజుల లెక్క చెప్పి సెంట్రింగ్ విప్పమంటే, సెన్సర్ రీడింగో క్యూబ్ రిజల్టో చూపించమనండి. అడగడానికి మొహమాటపడకండి.