గ్రంథాలయం గోడ మీద పల్నాడు

గురజాల పేరు చెప్పగానే బయటివాళ్లకు నాయకురాలు నాగమ్మ గుర్తొస్తుంది. ఆ వెనకే నలగామరాజు కొలువు, కోడిపందెం, ఏడేళ్ల వలస. పన్నెండో శతాబ్దపు ఆ పల్నాటి వీరుల కథలో మా ఊరు రాజధాని. కానీ కథ విని వచ్చినవాళ్లు "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అనడిగితే మేం కారెంపూడికీ మాచర్లకూ దారి చెప్పి పంపిస్తాం. చూపించడానికి మా ఊళ్లో ఒక చోటంటూ ఉండాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆ చోటు గ్రంథాలయమే కావాలని నా వాదన.

పల్నాడులో కళ లేక కాదు. కారెంపూడిలో కార్తీక అమావాస్యతో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు జరుగుతాయి. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని నాగులేరుకు తీసుకెళ్లి కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఊరేగిస్తారు. వీర విద్యావంతులు కత్తి పట్టి కథ చెబుతుంటే పంబజోడు మోగుతుంది. ఆ కథను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. ఆ తర్వాత జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చాడు. కథ అలా పుస్తకాల్లోకి చేరింది. దాని చుట్టూ ఉన్న రూపాలు, అంటే ఆ ఆయుధాలు, వాద్యాలు, శిల్పాలు, బొమ్మలు మాత్రం పుస్తకం పక్కకు రాలేదు.

రాతి సంగతి ఇంకా పెద్దది. మన ఇళ్లల్లో నాపరాళ్లు పరుచుకున్న ఈ నేలలోని సున్నపురాయి మీదే నాగార్జునకొండ శిల్పులు ఉలి ఆడించారు. అక్కడ దొరికిన ఛాయాస్తంభాల్లో, అంటే పోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లల్లో, ఒకటి నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. అది రాజుది కాదు, సేనాపతిది కాదు, మూలభూతుడనే శిల్పుల పెద్దది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక పనివాడి పేరు రాతి మీద నిలబెట్టిన ప్రాంతం మనది. ఈ రోజు దుర్గిలో చెక్కిన విగ్రహం ఎవరింటి పూజగదిలోనో ఉంటుంది, చెక్కినవాడి పేరు మాత్రం కొన్నవాళ్లకు తెలియదు. దుర్గి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గుర్తింపు ఊరికి దక్కింది, ఆ మనిషికి దక్కలేదు.

అమరావతి ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. 1816లో కల్నల్ మెకంజీ తన చిత్రకారులను కూర్చోబెట్టి అక్కడి స్తూపం శిల్పాలను గీయించాడు. ఆ తర్వాత చాలా రాళ్లు చెదిరిపోయాయి, కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. కొన్నింటి ఆనవాలుగా ఈ రోజు ఆ గీతలే మిగిలాయి. ఆ బొమ్మల పుస్తకం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి ఆ గీతలను ఒక గ్రంథాలయం కాపాడుతోంది. ఆ పని గ్రంథాలయం చేయగలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అదేదో మన ఊళ్లోనూ జరగాలనే నా తపన.

మన దగ్గరా దారి చూపినవాళ్లు ఉన్నారు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనంలో పాత పత్రికలతో పాటు గాంధీగారి చేతికర్రనూ దాచిపెట్టారు. పేపరు చదవడానికి వచ్చిన రైతు ఆ కర్రనూ చూసి వెళతాడు. ఇక మన గ్రంథాలయాలు నడిచేది మనం కట్టే ఇంటిపన్నులోని గ్రంథాలయ సెస్సుతో, రూపాయికి ఎనిమిది పైసలు. అంటే ఆ గోడలు మనవి. నాగార్జునకొండ మ్యూజియం చూడాలంటే నాగార్జునసాగర్ దాకా వెళ్లి లాంచీ ఎక్కాలి, టికెట్టు కొనాలి. గ్రంథాలయంలోకి బడిపిల్లవాడు చెప్పులు విడిచి ఊరికే వెళ్లొచ్చు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దస్తమానం కూర్చునే హాలు అది. తలెత్తినప్పుడు ఎదురుగా పల్నాటి కథలోని బాలచంద్రుడి బొంగరం బొమ్మ కనిపిస్తే అదీ చదువే.

ఖర్చు గురించి భయపడక్కర్లేదు. ఒక అద్దాల బీరువా, గోడకు నాలుగు మేకులు, ప్రతి వస్తువు కింద చేసినవాడి పేరు, ఊరు రాసిన అట్టముక్క చాలు. ఆ పేరు రాయకపోతే మాత్రం ప్రదర్శన పెట్టకపోయినా ఒకటే.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి. 2025లో కార్తీక అమావాస్య సరిగ్గా నవంబర్ 20న వచ్చింది. ఇక్కడ పుస్తకాల వారం ముగిసే వేళకే అక్కడ వీరుల పండగ వచ్చింది. ఏటా అలా కలవకపోయినా రెండింటికీ దూరం కొద్ది వారాలే. కాబట్టి వచ్చే వారోత్సవాల్లో పుస్తక ప్రదర్శన పక్కనే పల్నాటి కళకు ఒక బల్ల వేయమని గ్రంథాలయం పెద్దలకు నా విన్నపం. ఊరివాళ్లకూ ఒక మాట: మీ ఇంట్లో పాత పంబ ఉన్నా, తాతల నాటి తాళపత్రం ఉన్నా, దుర్గి విగ్రహం ఉన్నా, పిల్లలు గీసిన కోడిపందెం బొమ్మ ఉన్నా ఆ వారం రోజులకు తెచ్చివ్వండి. దాన్ని చేసినవాళ్ల పేరు కూడా కనుక్కుని రండి.