మందు లేని సూది

మన భాషలో సూదికి ఉన్నవి రెండే పనులు: కుట్టడం, మందెక్కించడం. "సూది వేయించుకొచ్చావా?" అని అడిగారంటే లోపలికి ఏదో మందు పోయిందనే అర్థం. ఏ మందూ లేకుండా ఉత్త సూది గుచ్చి కాసేపుంచి తీసేస్తే జబ్బు తగ్గుతుందంటే మనకు ముందు నవ్వే వస్తుంది. "ఉత్త సూదికేం తగ్గుతది బిడ్డా?" అని మేడ్చల్ బస్టాండులో ఏ ముసలమ్మైనా అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది.

సూది కథ పాతదే. 1968లో చైనాలో మాంచెంగ్ అనే చోట లియూ షెంగ్ అనే రాజవంశీకుడి సమాధి తవ్వితే ఒంటికి పచ్చరాళ్ళ కవచంతో పాటు బంగారు సూదులు, వెండి సూదులు బయటపడ్డాయి. ఆయన పోయింది క్రీ.పూ. 113లో. మహారాజుల వైద్యం కదా, సూది కూడా బంగారందే!

ఈ వైద్యం మన దేశానికి డాక్టర్ కోట్నీస్ తెచ్చారని చాలామంది అనుకుంటారు. లూధియానాలోని ఆక్యుపంక్చర్ ఆసుపత్రికి కూడా ఆయన పేరే పెట్టారు. శాంతారాం 1946లో తీసిన సినిమా చూసి కళ్ళు తుడుచుకున్న తరానికి ఆయన దేవుడితో సమానం. షోలాపూర్‌లో పుట్టి, 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లతో చైనా వెళ్ళి, అక్కడి నర్సునే పెళ్ళాడి, 1942 డిసెంబరులో ముప్ఫై రెండేళ్ళకే అక్కడే కన్నుమూశారాయన. అయితే సూదులు తెచ్చింది ఆయన కాదు, ఆయనతో వెళ్ళి క్షేమంగా తిరిగివచ్చిన బిజయ్ కుమార్ బసు. 1958లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, మరుసటి ఏడు కలకత్తాలో మొదలుపెట్టారు. బతికి పనిచేసిన మనిషి మీద ఎవరూ సినిమా తీయరు కాబోలు!

అమెరికా వాళ్ళకు 1971లో జేమ్స్ రెస్టన్ అనే పత్రికా రచయిత పుణ్యమా అని ఈ సంగతి తెలిసింది. పెకింగులో ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు మామూలు మత్తే ఇచ్చారు. తర్వాత పొట్ట ఉబ్బరించి బాధపడుతుంటే సూదులు గుచ్చారు. జనం మాత్రం సూదులతోనే కోసి కుట్టారని చెప్పుకున్నారు.

ఇక మన ఆడవాళ్ళ సంగతికి వస్తాను. దగ్గినా, తుమ్మినా, నవ్వినా ఒకటి రెండు చుక్కలు జారడం నలుగురు బిడ్డల తల్లులకు కొత్తేమీ కాదు. పెళ్ళికి వెళితే బాత్రూముకు దగ్గరగా కుర్చీ వెతుక్కుంటారు. మేడ్చల్ నుంచి సికింద్రాబాదు దాకా బస్సెక్కాలంటే పొద్దుటినుంచీ మంచినీళ్ళు ముట్టరు. మొగుడికి చెప్పరు, కూతురికి చెప్పరు. చివరికి నడుంనొప్పి, పొత్తికడుపు నొప్పి అంటూ డాక్టరు దగ్గరికి పోతే, గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయన్న సలహా దొరుకుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఈ అంకెలు చూశాక నాకు నవ్వు రాలేదు.

మరి సూది ఏమన్నా చేస్తుందా? 2013లో నిపుణులు వెతికితే, దగ్గినప్పుడు మూత్రం జారే బాధకు ఆక్యుపంక్చర్ మీద నమ్మదగిన పరీక్ష ఒక్కటే దొరికింది, అదీ అరవై మంది మీద. దాంతో ఏమీ తేల్చలేమన్నారు. 2017లో చైనాలో పన్నెండు ఆసుపత్రులు కలిసి 504 మంది స్త్రీల మీద మరో పరీక్ష చేశాయి. సగం మందికి నడుం కింద నిజం సూదులు గుచ్చి సన్నని కరెంటు పంపారు, మిగతా సగానికి చర్మం లోపలికి దిగని ఉత్తుత్తి సూదులు. ఆరు వారాల్లో పద్ధెనిమిది సార్లు. ఆ తర్వాత గుడ్డ తూచి చూశారు. నిజం సూదుల వాళ్ళకు జారే మూత్రం 9.9 గ్రాములు తగ్గింది, ఉత్తుత్తి వాళ్ళకు 2.6. ఉత్తుత్తి సూదికీ కొంత తగ్గిందన్నమాట! నమ్మకానికి ఉన్న బలం అది.

ఇంకో కథ చీలమండ దగ్గరిది. పట్టీలు పెట్టుకునే చోటికి నాలుగు వేళ్ళ పైన, చైనా వాళ్ళ లెక్కలో మూడు దారులు కలిసే కూడలి ఒకటుంది, మన షామీర్‌పేట చౌరస్తా లాగా. దాని వెనకే మూత్రాశయంతో సంబంధమున్న నరం పోతుంది. 1983లో అమెరికా డాక్టరు మెక్‌గైర్ ఆ చోట కరెంటు పెట్టి చూశారు, తర్వాత స్టోలర్ సన్న సూది వాడారు. 2010లో 220 మందితో చేసిన పరీక్షలో, మాటిమాటికీ ఆపుకోలేక పరుగెత్తే జబ్బున్నవాళ్ళకు నూటికి యాభై నాలుగు మందికి పైగా గుణం కనిపించింది, ఉత్తుత్తి చికిత్సకు ఇరవై ఒక్కరికి. ఇప్పుడా డాక్టర్లు దాన్ని ఆక్యుపంక్చర్ అనరు, నరాల చికిత్స అంటారు. ఇల్లు మారాక పేరు మార్చుకున్న కోడలన్నమాట.

సూదే అక్కర్లేని మార్గం కూడా ఉంది. మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం 1948లో కీగెల్ అనే డాక్టరు చెప్పింది. ఖర్చు లేదు, చాటు అక్కర్లేదు, కూరగాయలు తరుగుతూ కూడా చేయొచ్చు. పై పరీక్షల్లో మొదటిది దీనితో పోల్చలేదు. అదే నా అసంతృప్తి.

మేడ్చల్ పక్కన ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. అక్కడి షేర్ ఇండియా సంస్థ, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి చుట్టుపక్కల గ్రామాల స్త్రీలను 2009–11 మధ్య 1,227 మందిని ఒక అధ్యయనంలో చేర్చుకున్నాయి. గర్భం దాల్చకముందు నుంచి కాన్పు దాకా వాళ్ళ ఆరోగ్యం గమనించడం దాని పని. పల్లె ఆడవాళ్ళు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పరనే మాట ఇక చెల్లదు. చుక్కలు జారే సంగతి కూడా మర్యాదగా అడిగేవాళ్ళుంటే చెబుతారు.

2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను గుర్తించింది. వెళ్ళేవాళ్ళు ఒకసారి వాడి పారేసే సూదులేనా అని కళ్ళారా చూసుకోండి. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా ముందు మూత్రపరీక్ష, డాక్టరు. ఇక ఆ చీలమండ పైనున్న చోట గర్భిణులకు గుచ్చవద్దని చైనా వైద్యులు పాతకాలం నుంచీ చెబుతూనే ఉన్నారు.