నడుము నొప్పి: కారణాలు, నివారణ, చికిత్స

వరి నాట్లు వేసే కూలీ మొదలు రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తా వరకు, జీవితంలో ఒక్కసారైనా నడుము నొప్పి ఎరుగనివారు అరుదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది ఈ బాధకు లోనైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఇందులో అత్యధిక భాగం ప్రమాదకరం కాదు. ప్రమాదకరమైన ఆ కొద్ది భాగాన్ని సకాలంలో గుర్తించడం ముఖ్యం.

కారణాలు

నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండు వంటి డిస్క్ ఉండి కుదుపులను తట్టుకొంటుంది. నూటికి దాదాపు తొంభై మందిలో నొప్పికి ఫలానా పూసయే కారణమని నిర్ధారించడం సాధ్యం కాదు. గంటల తరబడి వంగి పనిచేయడం, బస్తాను ఒక్క ఊపున ఎత్తడం, కదలక కూర్చోవడం, పొగతాగడం, స్థూలకాయం, మనోవ్యాకులత ఇందుకు దోహదం చేస్తాయి. డిస్క్ ఉబికి నరాన్ని ఒత్తినప్పుడు నొప్పి పిరుదు నుండి మోకాలి కిందికి పాకుతుంది. దీనినే సయాటికా అంటారు.

చికిత్స

మంచం దిగరాదన్న పాత సలహాను నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. నొప్పి తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు పని తగ్గించుకొని, పిదప ఓర్చుకోగలిగినంత మేరకు నడవడం ఉత్తమం. వేడినీటి కాపడం ఉపశమనమిస్తుంది. పెక్కుమందికి కొన్ని వారాలలోనే నెమ్మదిస్తుంది. నొప్పి మాత్రలను వైద్యుని సలహాపై, తక్కువ రోజులు మాత్రమే వాడవలెను. ఇవి కడుపులో పుండ్లకు, మూత్రపిండాల హానికి దారితీయవచ్చు. కిడ్నీ జబ్బు విస్తరించిన ఉద్దానం వంటి ప్రాంతాలవారు మరింత జాగ్రత్త వహించాలి. ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తన్నించుకొనే ఆచారం మానుకోవడం మేలు. ఎముకలు గుల్లబారిన వృద్ధులలో ఆ తాపుకు పూస విరగవచ్చు.

నివారణ

బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలి. పెద్ద బస్తాను ఇద్దరు కలిసి ఎత్తాలి. నీటిని ఒక పెద్ద బిందెకు బదులు రెండు చిన్న పాత్రలలో, రెండు చేతులా సమంగా మోయాలి. నాట్లు, కలుపు వంటి పనులలో నడుమ నడుమ నిటారుగా నిలబడి వెన్నును సాగదీయాలి. 2024లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, క్రమంగా నడక అలవరచుకొన్నవారికి నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు, తక్కినవారికి 112 రోజులు పట్టింది. ఖర్చులేని ఔషధం నడకయే.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మూత్రం బిగియడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల నడుమ తిమ్మిరి, కాళ్లు బలహీనపడటం కనబడితే అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. నరాలపై ఒత్తిడిని వెంటనే తొలగించకపోతే ఆ లోపం శాశ్వతం కావచ్చు. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ వీడని నొప్పి వెన్నెముక క్షయకు గుర్తులు కావచ్చు. పూర్వం క్యాన్సర్ వచ్చినవారు, కింద పడిన వృద్ధులు సైతం వైద్యుని తప్పక కలవాలి.

పొరుగు భాషలో చెప్పే తీరు

ఇంట తెలుగు మాట్లాడే పెద్దలు ఆసుపత్రిలో బాధను వివరించలేక మౌనం వహించడం సరిహద్దు గ్రామాలలో సాధారణం. కన్నడంలో ‘సొంట నోవు’, తమిళంలో ‘ఇడుప్పు వలి’, ఒడియాలో ‘అంటా బింధా’, మరాఠీలో ‘కంబర్ దుఖీ’ అంటే నడుము నొప్పియే. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలిలోకి పాకుతున్నదా, మూత్రం సాఫీగా వస్తున్నదా అన్న మూడు సంగతులను బడికి వెళ్లే పిల్లలచేత స్థానిక భాషలో కాగితంపై రాయించి వెంట తీసుకువెళితే వైద్యునికి రోగి స్థితి తేటతెల్లమవుతుంది.