నూజివీడు సీమలో చర్చి మామ్మలు

కృష్ణా డెల్టాకు ఎగువన, డెల్టా కాలువల నీరు ఎక్కని మెట్ట ప్రాంతం నూజివీడు సీమ. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తరువాత ఏలూరు జిల్లాలో చేరింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లోని క్రైస్తవ కుటుంబాల్లో అందరికంటే పెద్దదైన స్త్రీకి ప్రత్యేకమైన స్థానం ఉంది. మామ్మ, నాయనమ్మ, అమ్మమ్మ అని ఇంటికొక పిలుపు. ఆ స్థానానికి జీతం లేదు, నియామక పత్రం లేదు. అయినా ఇంట్లో ప్రార్థన ఏ వేళకు జరగాలి, పుట్టిన బిడ్డకు ఏ పేరు పెట్టాలి, కానుక ఎంత తీయాలి అన్న విషయాల్లో చెల్లుబాటయ్యేది ఆమె మాటే. సంఘాల చరిత్రలు మిషనరీలతో, బిషప్పులతో, పాస్టర్లతో నిండి ఉంటాయి. సంఘాన్ని రోజువారీగా నిలబెట్టిన ఈ ముసలమ్మలు వాటిలో కనబడరు.

కృష్ణా మండలంలో ప్రొటెస్టెంటు క్రైస్తవం బందరు (మచిలీపట్నం) రేవు నుంచి లోపలికి వచ్చింది. ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ తెరిచిన బడి అగ్రవర్ణాల పిల్లల కోసం ఉద్దేశించింది. ఆ బడి నుంచి 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరంతా అట్టుడికింది. పల్లెల్లో కదలిక మాత్రం వేరే దారిన వచ్చింది. 1859లో రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య తనవాళ్లతో కలిసి మిషనరీ థామస్ డార్లింగ్ దగ్గర బాప్తిస్మం పొందాడు. అప్పటినుంచి మతం మారింది ఒక్కొక్క మనిషి కాదు. ఇళ్లకు ఇళ్లు, కొన్నిచోట్ల పల్లెలకు పల్లెలు. వెంకయ్య పేరు ప్రతి చరిత్ర పుస్తకంలోనూ ఉంది. ఆ వెంట వచ్చిన ఇల్లాళ్లను మాత్రం చాలా నివేదికలు ‘భార్య, పిల్లలు’ అనే రెండు మాటల్లో సర్దేశాయి. ఆ ఇల్లాళ్లు ఒప్పుకోకపోతే ఇంటి దేవతలు ఇంట్లోంచి కదిలేవారు కాదన్న సంగతి ఆ నివేదికలు రాసినవారికి తట్టినట్టు లేదు.

కొత్తగా చేరినవారిలో ఎక్కువమంది దళితులు, భూమి లేని కూలీలు. నూజివీడు మేకా వంశపు జమీందారీ. తోటలు, పొలాలు పెద్ద కులాల చేతుల్లో ఉండేవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. మెట్ట పల్లెల ఆడవాళ్లు నాట్లకూ కోతలకూ దిగువకు వెళ్లేవారు. వేసవి వస్తే మామిడి తోటలే పని. చెట్టెక్కి చిక్కంతో కాయ దించేది మగవాళ్లయితే, రాలినవి ఏరడం, సొన తుడవడం, రసాలను గడ్డిలో మాగవేయడం ఆడవాళ్ల పని. పగలు ఇలా గడిచే ఇంట్లో దేవుడికి మిగిలేది రాత్రే. అందుకే ఇక్కడి పల్లె సంఘాల్లో ఆదివారపు ఆరాధనకంటే ముందు వేళ్లూనింది రాత్రి ప్రార్థన. పొద్దుగూకాక సంఘంలో బోధించే ఉపదేశి గంట కొడితే పొయ్యి ఆర్పి రావడం, ఉపదేశి లేని రోజున ఇంటి అరుగు మీదే కూర్చోవడం అలవాటైంది. అరుగు మీద జరిగే ప్రార్థనకు పెద్ద మామ్మే.

చదువు రాని ఆమె ప్రార్థన ఎలా నడిపిందంటే, అంతా కంఠస్థం. బాప్తిస్మానికి ముందు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అప్పజెప్పాలన్న నియమం పల్లె స్త్రీలకు పెద్ద బరువు కాలేదు. ఊడ్పు పాటలు, దంపుళ్ల పాటలు నిలిచిన నోటికి కీర్తనలూ నిలిచాయి. పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోకి ఎక్కి శాఖాభేదం లేకుండా అన్ని సంఘాలకూ చేరాయి. పుస్తకం చేతికి రాకముందే పాట చెవికి చేరింది. మనుమలు బడికి వెళ్లి అక్షరాలు నేర్చాక పుస్తకంలో వరస వెతుకుతుంటే, మామ్మ ఈలోగా మూడో చరణంలో ఉండేది.

ఈ కంఠస్థ విద్యకు పెద్ద అండ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్ బిషప్పు అయిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తరువాతి కాలంలో కృష్ణా మండలంలోని మిషను సంఘాలు కూడా ఆయన పాలన కిందికి వచ్చాయి. బాప్తిస్మం పొందేవారు తమ చేయి తమ తల మీద పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఊరుకుంటే తనకు శ్రమ తప్పదన్న పౌలు మాటను సొంత ఒట్టుగా పలకాలని ఆయన పెట్టిన పద్ధతి. ఆ ఒట్టు మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి కాదు. గడప దాటి ఇంకో పల్లెకు పోయి మాట్లాడటానికి ఆడదానికి అది ఒక హక్కు పత్రంలా పనిచేసింది.

మామ్మ చేతిలో ఉన్న అసలైన అధికారం మాత్రం గుప్పెడు బియ్యం. పూట పూటకూ అన్నానికి బియ్యం కొలిచాక, ఆ కొలతలోంచే ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం ఈ ఆచారం. వారం తిరిగాక ఆ కుండ సంచిలోకి, సంచి చర్చికి. కూలి డబ్బు మగవాడి చేతికి వచ్చినా, తిండిగింజలు ఆడదాని చేతిలో ఉంటాయి. అంటే నాణెం కానుక మొగుడు ఇచ్చేది, గింజ కానుక పెళ్లాం ఇచ్చేది. బియ్యం దొరకని రోజుల్లో ఏది వండితే అదే, జొన్నలైతే జొన్నలే. మిగిలినదాంట్లోంచి కాకుండా వండబోయేదాంట్లోంచి తీయడమే ఇందులో కిటుకు. ఇంట్లో ఎవరూ ఒక ముద్ద తగ్గిందని చెప్పలేరు, సంఘానికి మాత్రం బస్తా నిండుతుంది. పోగైన బియ్యాన్ని వేలం పాటలో అమ్మి ఉపదేశి జీతానికి, చర్చి కప్పుకు, బీదల ఖర్చుకు వాడేవారు. పల్లె సంఘం విదేశీ డబ్బు మీద కాక తన కాళ్ల మీద తాను నిలబడాలన్న అజరయ్య పట్టుదలకు ఈ కుండలే ఆధారం. ఆచారం తెలుగు నేలకు మాత్రమే చెందింది కాదు. మిజోరంలో 1910లో మొదలైన గుప్పెడు బియ్యం అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఇప్పటికీ పెద్ద రాబడి. కృష్ణా పల్లెల్లో రేషను బియ్యం, నెల చందా కవర్లు వచ్చాక కుండ చాలా ఇళ్లలో వెనక్కి తగ్గింది.

గుప్పెడు బియ్యం ఏడాది పొడవునా సాగేది. తొలి పంటలోంచి ఇచ్చే ప్రథమ ఫలాల కానుక రుతువును బట్టి వచ్చేది. మామిడి లెక్క, చర్చి లెక్క ఈ ప్రాంతంలో పక్కపక్కన నడుస్తాయి. క్రిస్మస్ దాటేసరికి చెట్లు పూతకొస్తాయి. ఈస్టరుకు ముందరి నలభై శ్రమదినాల్లో పిందె కాయవుతుంది. ఈస్టరు ముందువెనకల బంగినపల్లి కోతకు సిద్ధమవుతుంది. చిన్నరసం, పెద్దరసం ఆ తరువాత. కోత పండుగనాడు చర్చి ముందు గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం, ఆవకాయ జాడీలు పెట్టి పాట పాడటం తెలుగు సంఘాల్లో ఎక్కడైనా ఉన్నదే. తోటల ఊళ్లలో వాటి పక్కన కాయల గంపా చేరుతుంది. సొంత చెట్టు లేని ఇల్లు కూడా ఊరికే రాదు. కూలికి ఇచ్చిన కాయల్లోంచి రెండు తీసి పెడుతుంది. ఆ రెండు కాయలకు వేలంలో బజారు ధరకు పదింతలు పలకడం ఆ రోజు మర్యాద.

చదువు రెండో తరంతో వచ్చింది. మచిలీపట్నంలో మిషనరీ షార్కీ దంపతులు నడిపిన బాలికల బోర్డింగు, 1880లో ఏర్పడిన జెనానా మిషనరీ సొసైటీ బందరు, ఏలూరుల్లో నడిపిన బడులు పల్లె ఆడపిల్లలకు అక్షరాలు నేర్పాయి. వాటిలో చదివినవారిలో, వితంతువుల్లో కొందరు బైబిలు స్త్రీలయ్యారు. తెల్లచీర, చేతిసంచి, అందులో సువార్త పుస్తకాలు. పాస్టరు పోలేని ఘోషా ఇళ్ల లోపలికి వీరు పోయేవారు. దళిత స్త్రీ అగ్రవర్ణపు ఇంటి వసారాలో కూర్చుని చదివి వినిపించడం ఆనాటికి చిన్న సంగతి కాదు, ప్రతి ఇల్లూ ఆమెను కూర్చోనిచ్చిందీ లేదు. వారి కూతుళ్లు టీచర్లు, నర్సులు అయ్యారు. 1883లో అన్నా కూగ్లర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన వైద్యసేవ వంటివి నర్సు పనికి దారి తెరిచాయి. పల్లె క్రైస్తవ కుటుంబాల్లో నెలజీతం మొదట తెచ్చింది చాలాచోట్ల ఆడపిల్లే. తన తల్లి తోటలో కాయలేరి చదివించిన కూతురు, పించను మీద మామ్మ అయ్యేసరికి ఆమె మాటకు డబ్బు బలం కూడా తోడైంది.

స్త్రీల సంఘాలు మామ్మల పెత్తనానికి కొంత రూపమిచ్చాయి. 1876లో ఇంగ్లండులో మేరీ సమ్నర్ స్థాపించిన మదర్స్ యూనియన్ దోర్నకల్ అధ్యక్ష మండలానికి వచ్చినప్పుడు బిషప్పు భార్య అన్బు అజరయ్య దాన్ని పల్లెలకు తీసుకెళ్లారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ పని స్త్రీల మైత్రి పేరుతో కొనసాగింది. బలిపీఠం దగ్గర స్త్రీకి చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది; 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత ఈ సంఘపు తొలి మహిళా బిషప్పు అయ్యారు.

కతోలికుల దారి వేరు. అక్కడ మామ్మ చేతిలో పాటల పుస్తకానికి బదులు జపమాల. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవానికి, జనవరిలో గన్నవరం దగ్గరి పెద్దవుటపల్లిలో 1945లో కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధికి ఇంటిల్లిపాదినీ బయలుదేరదీసేది ఆమె. మొక్కుల లెక్కంతా ఆమె దగ్గరే.

కాగితాల మీద ఈ దళిత క్రైస్తవ కుటుంబాల ఉనికి చిక్కుల్లో పడింది 1950లో. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులు బీసీ-సీ కిందికి వస్తారు. దాంతో ఎస్సీ హోదా పోకుండా బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టరులో మరో పేరు ఉన్న మనుమలు తయారయ్యారు. ఉద్యోగం కోసం తండ్రి రాయించిన పేరును ఆఫీసు పిలుస్తుంది. రూతు, ఎస్తేరు, కరుణ, దీవెన అని మామ్మ పెట్టిన పేరును ఇల్లు పిలుస్తుంది. ఈ రెండు పేర్ల బతుకును మోసం అనేవారున్నారు. చట్టం పెట్టిన షరతుకు పేదవాడు వెతుక్కున్న దారి అనడమే న్యాయం.

మామ్మ పోయినప్పుడు పాటించే క్రమం అన్ని శాఖల్లోనూ ఇంచుమించు ఒకటే. కీర్తనల మధ్య పెట్టె లేస్తుంది, సమాధుల తోటలో భూస్థాపన, కొన్నాళ్లకు ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక. నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం, పూలు, కొవ్వొత్తులు. కూడికకు అచ్చువేసే కరపత్రంలో ఫొటో, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనుమల పేర్ల వరస ఉంటాయి. పుట్టిన తేదీ తెలియని పాతతరం మామ్మలకు సుమారుగా ఒక ఏడు వేస్తారు, లేదంటే ఫలానా కరువుకో తుపానుకో ముడిపెట్టి చెబుతారు. సాక్ష్యాలు చెప్పే వేళ పెద్ద కొడుకు నుంచి వీధిలోని పాత ఇరుగమ్మ దాకా లేచి మాట్లాడతారు. రాత్రి ప్రార్థన మానకపోవడం, గుప్పెడు తీయడం, ఎవరి పెళ్లి ఆమె కుదిర్చిందో, ఎవరి చదువుకు ఆమె మెట్టెలు తాకట్టుకు వెళ్లాయో అక్కడ బయటపడతాయి. మిషను నివేదికల్లో లేని చరిత్రకు ఈ కరపత్రాలూ ఈ సాక్ష్యాలూ తప్ప వేరే ఆధారం తక్కువ. హైదరాబాదులో, విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలకు వీలుగా ఇప్పుడు జ్ఞాపకార్థ కూడికను ఏడాది నిండిన నాటికే అని పట్టుబట్టకుండా, అందరూ ఊరు చేరే సెలవుల్లో పెట్టుకోవడం మామూలైంది.