ఆరు నెలల గడువు

1990లో నాచారంలో డ్యూటీ దిగి సైకిలుపై ఉప్పల్ వెళ్తున్న మా సహోద్యోగి లారీ ఢీకొని మరణించారు. నష్టపరిహారానికి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆయన భార్యకు తెలిసేసరికి ఏడాది దాటింది. 1989 జూలై 1న అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం గడువు ఆరు నెలలే; తగిన కారణం చూపితే ఏడాది. ఆ పైన దరఖాస్తే తీసుకోరు.

1994 నవంబరులో సవరణ ఆ గడువును తొలగించింది. ఎందరో వితంతువులకు ఊరట కలిగింది. 2019 నాటి సవరణతో 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు మళ్ళీ వచ్చింది.

ఉప్పల్ కూడలిలో 2023లో పాదచారుల ఆకాశ వంతెన వెలసింది. సంతోషమే. కానీ మిత్రులారా, దుఃఖంలో ఉన్న ఇంట తేదీలు ఎవరికీ గుర్తుండవు. గుర్తుచేయవలసింది మనమే. ఆనాడు నాకూ తెలియక చెప్పలేకపోయాను.